పొద్దున అరచుట్టు, సాయంత్రం అరచుట్టు

నేను రిటైరై జనగామలో మా ఇంట్లో కూర్చున్నాక కూడా, కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. హన్మకొండ బస్సుకు ఇంకా పది నిమిషాలున్నాయంటే చాలు, "అమ్మా, టీ పెట్టవా" అంటూ లోపలికి దూరిపోతారు. పోయిన నెల వాళ్లలో ఒక పిల్ల అడిగింది, ఇన్నేళ్ల సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన కేసు ఏదమ్మా అని. పేరు తెచ్చినవి ఎవరైనా చెబుతారు. నన్ను చెంప వాయించి కూర్చోబెట్టిన కేసు ఒకటుంది, అది చెబుతాను వినండి అన్నాను. చెప్పడం అయ్యేసరికి వాళ్ల బస్సు వెళ్లిపోయింది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ఇంకొకరి బస్సు తప్పించి తిట్లు తినే ఓపిక నాకు లేదు.

అప్పుడు నాది భూపాలపల్లిలో పిల్లల తనిఖీ బృందంలో ఉద్యోగం. ఒక వ్యాను, ఒక చిన్న డాక్టరు, ఒక డ్రైవరు, నేను. అంగన్‌వాడీలూ బడులూ తిరిగి పిల్లల కళ్లు, పళ్లు, గుండె చూసి, తేడా కనిపించినవాళ్లను పెద్ద దవాఖానకు పంపడం మా పని. చిన్న డాక్టరు అని నేను అనేది వయసును బట్టి. నా పెద్ద కొడుకు కన్నా రెండేళ్లు చిన్నవాడు. నేను ఏమన్నా "సరే మేడం" అనేవాడు, తర్వాత తనకు సరైనదనిపించిందే చేసేవాడు. డ్రైవరన్న స్పీడ్ బ్రేకరు కనిపిస్తే పట్టుదలగా వేగం పెంచే మనిషి. మధ్యాహ్నం ఏదో ఒక బడి వరండాలో ముగ్గురం డబ్బాలు తెరిచి కలిపి తినేవాళ్లం. డ్రైవరన్న భార్య పెట్టిన చింతకాయ తొక్కు కోసం డాక్టరూ నేనూ పోటీపడేవాళ్లం. జీతం రోజులు మరిచిపోయాను కానీ ఆ వరండాలు ఇంకా గుర్తున్నాయి.

అంతకుముందు మహబూబాబాద్ వైపు, కొత్తగూడ అడవి ఊళ్లలో ఏడేళ్లు చేశాను. అక్కడ ఒకసారి పోడు చేసుకునే ఇంటి తల్లి ఒకామె కొడుకును ఎత్తుకొచ్చింది. పిల్లవాడి కళ్లు బయటికి పొడుచుకొచ్చి, బుగ్గలూ పైదవడా లోపలికి నొక్కేసినట్టు ఉన్నాయి. నోరు తెరిచే ఉంచి గాలి పీలుస్తున్నాడు. "పుట్టుకతోటి వచ్చిన ముఖం, దీనికి మందుండదు" అని పంపించేశాను. నాకు తెలియదు, అడగవలసినవాళ్లను అడగనూ లేదు. ఆ తల్లి ఇప్పపూలు ఎండబెట్టి అమ్మిన డబ్బుతో ఆటో కట్టించుకుని వచ్చిందని తర్వాత తెలిసింది.

అందుకే భూపాలపల్లి బడిలో నాలుగో తరగతి గదిలో అచ్చు అలాంటి ముఖం ఇంకొకటి కనిపించేసరికి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆడపిల్ల. తొమ్మిదేళ్లు. క్లాసులో ఎప్పుడూ నిద్రపోతుందని వాళ్ల టీచరు ఫిర్యాదు చేసింది. డాక్టరు ఆ పిల్లను కూర్చోబెట్టి, ఎందుకమ్మా పగలు నిద్ర అని అడిగాడు.

"రాత్రి నన్ను పండుకోనియ్యరు సార్" అంది. "ఒకపారి మా అమ్మ లేపుతది, ఒకపారి మా నాయిన లేపుతడు."

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఈ పిల్లకు నుదురు ఎదుగుతోంది, కింది దవడ ఎదుగుతోంది, మధ్యలో ముఖం ఎముక, పైదవడ మాత్రం ఎదగడం మానేశాయి. అందుకే కళ్లకు గూడు చాలట్లేదు, ముక్కు వెనక గాలికి దారి చాలట్లేదు. ఆపరేషన్ ఉంది మేడం, చేయించాలి అన్నాడు. నేను కొత్తగూడ పిల్లవాడి సంగతి అతనికి చెప్పలేదు. సిగ్గేసింది.

ఆ సాయంత్రమే వాళ్ల క్వార్టరుకు వెళ్లాం. తండ్రి బొగ్గుబాయిలో ఫిట్టరు, కింద నీళ్లు తోడే పంపులు బాగుచేస్తాడు. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పిల్ల నిద్ర గురించి అడగ్గానే తల్లి మిషన్ ఆపింది.

"గురక వస్తున్నంత సేపు మంచిగున్నట్టు సిస్టరమ్మా. సప్పుడు ఆగిందంటె ఊపిరి ఆగినట్టు. లేపి పక్కకు తిప్పాలె. సగం రాత్రి నేను కూసుంట, సగం రాత్రి ఈయన కూసుంటడు. ఈయనకు రాత్రి షిఫ్టు పడ్డ వారం మొత్తం నేనే."

"ఎన్నేండ్ల సంది?"

"పుట్టినప్పటి సంది."

పిల్ల కళ్లు నిద్రలో కూడా పూర్తిగా మూసుకోవట. రెప్పల మధ్య తెల్లగుడ్డు ఆరిపోకుండా తడిగుడ్డ వేస్తారట. ఇవన్నీ ఆమె రోజువారీ వంట గురించి చెప్పినట్టు చెప్పింది.

తల్లి వెంటనే ఆపరేషన్‌కు సరేనంది. తండ్రే భయపడ్డాడు. ముఖం కోస్తే ఆడపిల్ల ఏమైతది అని నెల రోజులు తప్పించుకు తిరిగాడు. చివరికి హైదరాబాదు తీసుకెళ్లి అక్కడి పెద్ద సర్జన్ ఎదుట కూర్చోబెట్టాం. ఆయన పుర్రె బొమ్మ చేత్తో పట్టుకుని వివరించాడు. ముఖం మధ్య ఎముకను కోసి వదులు చేస్తాం. ఒక్కసారే ముందుకు లాగం. తలచుట్టూ ఇనుప చట్రం పెట్టి, ముఖం ముందు ఒక కడ్డీ నిలబెట్టి, దానికి కుడివైపొక మర, ఎడమవైపొక మర పెడతాం. రోజూ ఆ రెండూ తిప్పుతుంటే ముఖం వెంట్రుక వెంట్రుకగా ముందుకు వస్తుంది. వెనక పడే సందులో కొత్త ఎముక పుడుతుంది.

మర అనే మాట వినగానే ఫిట్టరు కళ్లు మెరిశాయి. "చుట్టుకు ఎంత నడుస్తది సార్?" అని అడిగాడు. ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు అన్నాడు సర్జన్. ఇద్దరూ పది నిమిషాలు మరల గురించే మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక "ఇది మా పనే సిస్టరమ్మా" అని సంతకం పెట్టేశాడు. నేనూ సంబరపడిపోయాను. ఒప్పించడానికి ఇంత సులువైన దారి ఉండగా నెల రోజులు నోరు నొప్పి పుట్టేలా మాట్లాడానే అనుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. పిల్ల కళ్లు తెరిచి, తలమీద చట్రం తడుముకుని, "నాయిన బాయిల టోపీ కంటె గిదే బరువున్నది" అంది. మొదటి కొన్ని రోజులు దవాఖానలోనే మరలు తిప్పారు. పొద్దున అరచుట్టు, సాయంత్రం అరచుట్టు, రెండు వైపులా. ఆ తర్వాత ఇంటికి పంపిస్తూ తండ్రికి నేర్పమన్నారు. వార్డులో నేనే నిలబడి నేర్పించాను. చిన్న పానా, బాణం గుర్తు వైపు అరచుట్టు, అంతే.

"స్క్రూ తిప్పుడే గద, నీకు కొత్తనా?" అన్నాను అతనితో.

తల్లి ముందుకు వచ్చింది. "నాక్కూడ జర నేర్పు సిస్టరమ్మా."

"ఇంట్ల ఫిట్టరును పెట్టుకోని నీకెందుకమ్మా ఈ పరేషాన్?" అన్నాను. వార్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి వెనక్కి వెళ్లి నిలబడింది. పిల్లలూ, ఆ నవ్వు నేను వెనక్కి తీసుకోగలిగితే తీసుకుందును.

సర్జన్ నా చేతిలో ఒక చిన్న స్టీలు స్కేలు పెట్టాడు. వెళ్లినప్పుడల్లా మర ఎంత బయటికి వచ్చిందో రెండు వైపులా కొలిచి నాకు ఫోన్ చేయండి అన్నాడు. ఫిట్టరు ఇంటికి వెళ్లగానే ఒక నోటుబుక్కుకు గీతలు కొట్టాడు. తేదీ, పొద్దున, సాయంత్రం, కుడి, ఎడమ, సంతకం. అంత శుభ్రమైన బుక్కు మా ఆఫీసులో కూడా లేదు. మూడో రోజు వెళ్లి కొలిచాను, లెక్క సరిగ్గా ఉంది. ఆ బుక్కును చిన్న డాక్టరుకు చూపించి, చూడు, పనిమంతుడి ఇల్లంటే ఇదీ అని మెచ్చుకున్నాను.

ఆ మర్నాడు మా వ్యాను పాడైంది. షెడ్డులో పెట్టారు. బస్సెక్కి వెళ్లవచ్చు, జనగామ నుంచి రోజూ బస్సుల్లోనే వచ్చేదాన్ని కదా. కానీ ఆఫీసులో కూర్చుని రాయవలసిన రిపోర్టులు పేరుకుపోయి ఉన్నాయి. ఐదు రోజులు ఫోన్‌లోనే అడిగాను.

"బుక్కుల రాసినవా?"

"రాసిన సిస్టరమ్మా, రెండు పూటల రాసిన."

నేనడిగింది రాశావా అని. అతను చెప్పింది రాశానని. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం.

ఆరో రోజు వ్యాను వచ్చింది. వాళ్లింటికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. తండ్రికి ఆ వారం రాత్రి షిఫ్టు, లోపల నిద్రపోతున్నాడు. తల్లి మిషన్ ముందు ఉంది. పిల్ల మంచం మీద కూర్చుని ఏదో బొమ్మ గీస్తోంది. డాక్టరు పిల్ల కళ్లు చూస్తుంటే నేను గోడకు వేలాడుతున్న బుక్కు అందుకున్నాను. అన్ని గళ్లూ నిండి ఉన్నాయి. ఆ రోజు పొద్దుటి గడి నిండి ఉంది. సాయంత్రం గడి కూడా నిండి ఉంది, కింద సంతకంతో సహా.

గడియారం చూసుకున్నాను. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే చెయ్యి సంచిలోకి వెళ్లింది. స్కేలు తీసి కొలిచాను. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. మూడో రోజు నేను రాసుకున్న అంకె ఏదో అదే ఉంది. ఒక్క వెంట్రుక కదల్లేదు.

తండ్రిని లేపమన్నాను. కళ్లు నులుముకుంటూ వచ్చాడు. బుక్కు చూపించి, "ఏందిది?" అన్నాను.

"బాయి అలవాటు సిస్టరమ్మా" అన్నాడు తల దించుకుని. "కిందికి దిగినంక చేతులకు గ్రీజు ఉంటది, కాగితం ఖరాబైతది. మీదికొచ్చేటాళ్లకు బస్సు పోతనంటది. గందుకని మీదనే రాసి దిగుత. కని రాసిన పని ఇన్నేండ్లల చెయ్యకుంట ఎన్నడు ఎక్కిరాలే."

"మరి గీ పని చేసినవా?"

అతను పిల్ల వైపు చూశాడు. మంచం మీద నుంచి పిల్ల అంది. "నాయిన తప్పు లేదు. నేనే వద్దన్న. తలుపేసుకోని తిప్పినట్టు చేసినం, అమ్మకు చెప్పద్దని గూడ నేనే అన్న."

తల్లి మిషన్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచేసింది. "నాకు చెప్పద్దన్నవా?" అని మాత్రం అంది.

తండ్రి మంచం అంచున కూర్చున్నాడు. "పొల్ల ఏడుస్తుంటె చెయ్యి రాలే సిస్టరమ్మా. కన్నుల కాడ గుంజినట్టయితది నాయినా అని నా చెయ్యి పట్టుకున్నది. ఒక్క పూట ఆపిన. రేపు రెండు పూటలయి కలిపి తిప్పుదమనుకున్న. తెల్లారి గూడ ఏడ్చింది. ఇనుమును ఏడ ఆపితె ఆడ ఆగుతది గద, మల్ల తిప్పితె మల్ల కదుల్తది. గట్లనే అనుకున్న."

"ఇది ఇనుము కాదు. ఎముక. ఆపితె అతుక్కుంటది" అన్నాను.

అతను తలెత్తి నన్ను చూశాడు. "ఆ ముచ్చట మీరు నాకు చెప్పలే."

నిజమే. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో చెప్పాను. ఒక్క రోజు కూడా ఎందుకు ఆపకూడదో చెప్పలేదు. మరలు తెలిసినవాడికి ఇంకేం చెప్పాలి అనుకున్నాను. అయినా నా కోపం తగ్గలేదు. నాకసలే నోరెక్కువ. రాసిన మాటకు విలువ లేదా, బిడ్డ ప్రాణం మీద దొంగ సంతకం పెడతావా అని అరవబోయాను. నోరు తెరిచాక గుర్తొచ్చింది. నా సంచిలో ఆ ఇంటి తనిఖీ కాగితం ఉంది. పొద్దున రేగొండ బడి చూసుకుని తిరిగొస్తూ, వ్యానులో ఊరికే కూర్చోవడం ఎందుకని నింపేశాను. 'పిల్లను చూడడమైనది. కొలవడమైనది. పురోగతి బాగుంది.' కింద నా సంతకం.

తెరిచిన నోరు మూసుకున్నాను. బయటికి వచ్చి సర్జన్‌కు ఫోన్ చేశాను.

"ఎన్ని రోజులైంది తిప్పక?" అన్నాడు.

"ఐదు రోజులు సార్."

"మీరు కొలవలేదా?"

"వెళ్లలేదు సార్. ఫోన్‌లో అడిగాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నెమ్మదిగా చెప్పాడు. "ఇప్పుడే తిప్పి చూడండి. తిరిగితే సరే. పట్టేసిందా, బలవంతం చేయొద్దు, ఈ రోజే తీసుకురండి. పూర్తిగా అతుక్కుపోతే మళ్లీ కోయాలి. అది వెంటనే కుదరదు, ఏళ్లు ఆగాలి. అప్పటిదాకా ఆ పిల్ల ఊపిరికి గొంతులో గొట్టం పెట్టాల్సి రావచ్చు."

ఈ మాటలు నేను వాళ్లకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. దాచడం అప్పటికే ఎక్కువైపోయింది. తండ్రి పానా తీసుకున్నాడు, కానీ కొసను మర దాకా తేలేకపోయాడు. తల్లి లేచి వచ్చింది.

"ఇటియ్యి" అంది.

నేను నేర్పనని పంపించిన మనిషి. వార్డులో వెనక నిలబడి అంతా చూసిందట. పిల్ల ముఖాన్ని ఒక చేత్తో పట్టుకుని, సూదిలో దారం ఎక్కించే నిదానంతో పానా పెట్టింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "ఏడువు బిడ్డా, ఏడుస్తనే ఉండు, నేను ఆపను" అంది తల్లి. ఆమె కళ్లనుంచి కూడా నీళ్లు కారుతున్నాయి, చెయ్యి మాత్రం తడబడలేదు. ఎడమ మర గట్టిగా ఉన్నా తిరిగింది. కుడి మర దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"సిస్టరమ్మా, ఇది తిరుగుతలేదు."

మా వ్యాను జిల్లా దాటకూడదు. అనుమతి కావాలంటే రెండు రోజులు. చిన్న డాక్టరు నా వైపు చూడకుండానే పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాడు. "ఎవరడిగినా నేనే పొమ్మన్నానని చెప్పండి మేడం" అన్నాడు. అన్నాళ్లలో అతను "సరే మేడం" అనకుండా నాకే ఆజ్ఞ వేసింది అప్పుడే. పిల్లను ముందు సీట్లో తల్లి ఒళ్లో కూర్చోబెట్టాం. డ్రైవరన్న పరకాల దాకా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా వ్యానును దాదాపు ఆపి, ఎత్తి దించినట్టు దాటించాడు.

హన్మకొండ దాటాక పిల్ల వెనక్కి తిరగలేక, ముందుకే చూస్తూ అంది. "సిస్టరమ్మా, మా నాయినను తిట్టకు."

"తిట్టను బిడ్డా. తిడితే ముందు నన్ను నేను తిట్టుకోవాలె" అన్నాను. ఇక దాచుకోబుద్ధి కాలేదు. సంచిలోంచి కాగితం తీసి ఫిట్టరు చేతిలో పెట్టాను. చదివాడు. తేదీ చూశాడు. మడిచి తిరిగిచ్చాడు.

కాసేపటికి డాక్టరు గొంతు వినిపించింది. "దాని కింద నేను కూడా సంతకం పెట్టాను మేడం. పొద్దున్నే."

ఇంకాసేపటికి డ్రైవరన్న అన్నాడు. "నేను గూడ లాగ్‌బుక్కుల సాయంత్రం అయిదింటికి భూపాలపల్లికి తిరిగొచ్చినట్టు రాసిన."

ఎవరికీ నవ్వు రాలేదు. ఇప్పుడు తలచుకుంటే వస్తుంది. జనగామలో మా వీధి మలుపు పక్కనుంచే వెళ్లాం. ఇంట్లో ఆరేసిన బట్టలు కూడా కనిపించాయి. ఆపమనలేదు.

హైదరాబాదు చేరేసరికి సర్జన్ తలుపు దగ్గరే ఉన్నాడు. పిల్లకు కొద్దిగా మత్తు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. ఆ ఊపిరికి మత్తే పెద్ద గండం. బయట బెంచీ మీద ఐదుగురం కూర్చున్నాం. తల్లి భర్తను ఒకే ఒక్క మాట అడిగింది. "నాకు చెప్తె నేను ఆపేదాన్ననుకున్నవా, తిప్పేదాన్ననుకున్నవా?"

"తిప్పేదానివనే చెప్పలే" అన్నాడతను. ఆమె అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

సర్జన్ బయటికి వచ్చి మాస్కు దించాడు. "వదిలింది" అన్నాడు. "ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే వదిలేది కాదు." లేచినదాన్ని మళ్లీ బెంచీ మీదే కూలబడ్డాను. పెద్ద డాక్టరు ముందు కూర్చోకూడదన్న సంగతి కూడా గుర్తు రాలేదు. ఆయన నా పక్కనే కూర్చుని, ఇక మీదట ఇద్దరికి నేర్పుదాం సిస్టర్, ముందు ఎందుకో చెబుదాం, తర్వాత ఎట్లో చెబుదాం అన్నాడు. తప్పు మీది అనకుండా తనను కూడా కలుపుకున్నాడు. ఆ మర్యాద నేను చచ్చేదాకా మరిచిపోను.

మిగిలిన చుట్లన్నీ దవాఖానలోనే తల్లి తిప్పింది. తండ్రి సెలవు పెట్టి పక్కన కూర్చుని పిల్ల చేతులు పట్టుకునేవాడు. నేను ఆదివారాలు జనగామలో రైలెక్కి వెళ్లి చూసొచ్చేదాన్ని. వెళ్లినప్పుడల్లా స్కేలు పెట్టేదాన్ని, అక్కడి నర్సులు నవ్వుకున్నా సరే. ఒక వారం బుగ్గలు కనిపించాయి. ఇంకో వారం పైపెదవి ముందుకు వచ్చింది. పిల్ల అద్దంలో చూసుకుని, "నా పాత ఫోటోలు సూస్తె ఈ పిల్ల ఎవరంటరేమో" అని బెంగ పెట్టుకుంది. చట్రం రెండు నెలల పైనే ఉంచి తీశారు.

ఆ ఆలస్యం వల్ల కుడివైపు కొంచెం తక్కువే వచ్చింది. తెలిసినవాళ్లకు తప్ప తెలియదు. తండ్రి మాత్రం ఎప్పుడూ ఆ వైపే చూసేవాడు. ఒకరోజు పిల్లే చెప్పిందట, జర వంకరుంటేనే నేనని తెలుస్తది నాయినా, ఊకో అని. పెద్దయ్యాక కావాలంటే సరిచేయవచ్చని సర్జన్ చెప్పాడు.

నేను నా తప్పును పై అధికారికి రాసి ఇచ్చాను. ఒక మెమో వచ్చింది. జిల్లా దాటినందుకు డాక్టరుకు ఇంకొకటి వచ్చింది. డ్రైవరన్న లాగ్‌బుక్కు ఎవరూ తెరిచి చూడలేదు, ఆయన అదృష్టం. ఆ డాక్టరు ఇప్పుడు పై చదువు పూర్తి చేసి పెద్ద డాక్టరయ్యాడు. పండగలకు ఫోన్ చేస్తాడు. నేను తొక్కు గురించి అడుగుతాను, అతను ఆ వరండాల గురించి అడుగుతాడు. కొత్తగూడ కూడా వెళ్లాను, ఆ పిల్లవాడిని వెతుక్కుంటూ. ఆ కుటుంబం ఎటో వలస పోయిందన్నారు. అది అలాగే మిగిలిపోయింది.

చట్రం తీసిన నెలకు ఒక మధ్యాహ్నం వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. సంతోషంగా ఉంటారనుకుని మిఠాయి పొట్లం కూడా పట్టుకెళ్లాను. తల్లి తలుపు తీసింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. వెనక తండ్రి, గడ్డం మాసిపోయి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల ఏది అన్నాను.

మంచం మీద ఉంది. నిద్రపోతోంది. రెండు రెప్పలూ పూర్తిగా కలుసుకుని ఉన్నాయి. నోరు మూసుకుని ఉంది. ఛాతీ నిదానంగా లేచి దిగుతోంది. గురక లేదు, ఏ చప్పుడూ లేదు.

"మంచిగనే ఉన్నది గద, మరి మీరిద్దరు గిట్లయిన్రేంది?" అన్నాను.

"మాకు నిద్ర వస్తలేదు సిస్టరమ్మా" అంది తల్లి. "తొమ్మిదేండ్లు సప్పుడు ఆగితె లేసినోళ్లం. ఇప్పుడు సప్పుడే లేదు. కన్ను మూస్తె ఊపిరి ఆగిందనిపిస్తది. ఈయన లేస్తడు, నేను లేస్త. ముక్కు కాడ చెయ్యి పెట్టి సూస్తం. డాక్టర్లు ఏం కాదన్నరు. మాకు తెల్సు. కని పానం ఒప్పుతలేదు."

స్టూలు లాక్కుని పిల్ల పక్కన కూర్చున్నాను.

"నేను సూస్తుంట. ఊపిరి ఊపిరికి సూస్త. మీరిద్దరు పోయి పండుకోండ్రి" అన్నాను.

మొహమాటపడ్డారు. ఒక్క గంట అన్నారు. కింద చాప పరుచుకుని చెరో పక్కా ఒరిగారు. ఐదు నిమిషాలు కాకుండానే ఇద్దరికీ నిద్ర పట్టేసింది. రెండో షిఫ్టు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయినా కదల్లేదు. నేను చెప్పినట్టే చూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి.

మూడున్నర ప్రాంతంలో పిల్ల కళ్లు తెరిచింది. నన్ను చూసింది. తర్వాత మంచం అంచు నుంచి కిందికి వంగి చాప వైపు చూసింది. చాలాసేపు అలాగే చూసింది. లేపనా బిడ్డా అని సైగ చేశాను.

వేలు పెదాల మీద పెట్టుకుని, నా చెవిలో చెప్పింది. "వద్దు సిస్టరమ్మా. వీళ్లిద్దరు ఒక్కపారే పండుకోంగ నేనెన్నడు సూడలే."